చిన్నపిల్లలతో థీమ్ పార్కుకు: శ్రీకాకుళం, విజయనగరం తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

మాది విజయనగరం. పుట్టిల్లు ఆమదాలవలస దగ్గర. మా ఇద్దరు పిల్లలతో, తర్వాత మా చెల్లెలి పిల్లల్ని కూడా కలుపుకుని హైదరాబాద్ వైపు, భువనేశ్వర్ వైపు పార్కులకు వెళ్ళొచ్చాం. అప్పటి నుంచి స్కూలు గేటు దగ్గర, పెళ్ళిళ్ళలో, రైతు బజారులో ఎవరో ఒకరు ఆపి అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇది ముఖ్యంగా ఏడేళ్ళలోపు పిల్లలున్న వాళ్ళ కోసం.

ఎన్నేళ్ళు వచ్చాక తీసుకెళ్తే మంచిది?

నా మాట అడిగితే నాలుగు దాటాక. అంతకంటే చిన్నపిల్లలకు పార్కులో ఆడుకోవడానికి ఏమీ ఉండదని కాదు, ఉంటుంది. కానీ మన ఊరి నుంచి అక్కడికి ప్రయాణమే పెద్దది. రెండేళ్ళ పాపకు అంత దూరం వెళ్ళి ఎక్కే రంగులరాట్నం, మన ఊళ్ళో జాతరకు వచ్చే రంగులరాట్నం ఒకటే. ఇంట్లో పెద్దపిల్లలు ఉండి, వాళ్ళ కోసం వెళ్తూ చిన్నదాన్ని కూడా తీసుకెళ్ళాల్సి వస్తే తప్పకుండా తీసుకెళ్ళండి. అప్పుడు ఆ రోజంతా చిన్నదాని నిద్ర, ఆకలి చూసుకునే నడపాలి.

మనకు దగ్గర్లో పెద్ద థీమ్ పార్కు ఎక్కడుంది?

చాలామంది వెంటనే హైదరాబాద్ అంటారు. శ్రీకాకుళం నుంచి లెక్క వేస్తే భువనేశ్వర్ వైపే దగ్గర. 2024 మే నెలలో ఖుర్దా దగ్గర కుంభారబస్తలో వండర్‌లా పార్కు తెరిచారు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి ఖుర్దా రోడ్ జంక్షన్‌కు రైలు దారి సుమారు 300 కిలోమీటర్లు. భువనేశ్వర్ కంటే ముందే ఆ జంక్షన్ వస్తుంది. హైదరాబాద్ అయితే దీనికి రెట్టింపు కంటే ఎక్కువ. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వాళ్ళకు ఇంకా దగ్గర. ఆ వైపు చాలామందికి ఒడియా ఎలాగూ వచ్చు కాబట్టి భాష ఇబ్బంది కూడా లేదు. మిగతావాళ్ళం హిందీతో నెట్టుకురావచ్చు. దారిలో రైలు చిలికా సరస్సు ఒడ్డునే చాలాసేపు వెళ్తుంది, ఆ వైపు కిటికీ దొరికితే పిల్లలకు అదే ఒక పండగ.

హైదరాబాద్ వెళ్ళే వాళ్ళకు రెండు పెద్దవి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో మొదలైన వండర్‌లా ఒకటి, 1996 నుంచి ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీ ఇంకోటి. ఈ రెండూ ఒకే రకం అనుకుని వెళ్తారు కొందరు. వండర్‌లాలో ప్రధానం రైడ్లు, నీళ్ళు. రామోజీలో సినిమా సెట్లు, ప్రదర్శనలు, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట, వాటితోపాటు కొన్ని రైడ్లు. ఐదేళ్ళలోపు పిల్లలు, పెద్దవాళ్ళు కలిసి వెళ్తుంటే రామోజీ నయం, ఎందుకంటే అందరికీ చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది. నీళ్ళంటే పిచ్చి ఉన్న ఆరేడేళ్ళ పిల్లలకు వండర్‌లా. ఇంకో సంగతి: మన వైపు నుంచి విజయవాడ మీదుగా వెళ్ళే బస్సులు ఊళ్ళోకి వెళ్ళక ముందే రామోజీ ఫిల్మ్ సిటీ దాటి వెళ్తాయి. అది చూసి పొద్దున్నే బస్సు దిగి నేరుగా లోపలికి వెళ్దామని మాత్రం అనుకోకండి, కారణం కింద చెప్తాను.

అంత దూరం ఇప్పుడే వద్దు, ముందు చిన్నగా ఏదైనా చూపించాలంటే?

ఇదే సరైన ఆలోచన. పొద్దున్నే విశాఖ వెళ్ళి రాత్రికి ఇల్లు చేరొచ్చు. కైలాసగిరిలో బొమ్మ రైలు, రోప్‌వే ఉన్నాయి. జూ పార్కు కంబాలకొండ అడవిని ఆనుకుని పెద్దగా ఉంటుంది (సోమవారం సెలవు). బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్, దానికి ఎదురుగా యుద్ధవిమానం మ్యూజియం. అలాంటి ఒక రోజు గడిపితే మీ పిల్లవాడు ఎంతసేపు నడవగలడు, ఎన్ని గంటలకు చిరాకు పడతాడు, వరుసలో నిలబడగలడా లేదా అన్నీ మీకు తెలిసిపోతాయి. మా చిన్నవాడు మధ్యాహ్నం రెండింటికి చతికిలబడతాడని మాకు జూలోనే తెలిసింది. తర్వాత ప్రతి ప్రయాణం ఆ సమయాన్ని దృష్టిలో పెట్టుకునే వేసుకున్నాం.

పైడితల్లి అమ్మవారి పండగకు, అరసవల్లి రథసప్తమికి వచ్చే ఉయ్యాలలు, రంగులరాట్నాలు కూడా మంచి పరీక్షే. అక్కడ గుక్కపట్టి ఏడ్చిన పిల్లను వేలు ఖర్చుపెట్టి పెద్ద రైడ్ల దగ్గరికి ఇంకో ఏడాది ఆగి తీసుకెళ్ళొచ్చు.

రైలా, బస్సా, సొంత కారా?

రైలు. చిన్నపిల్లలు ఉన్నప్పుడు రైలుకు సాటి లేదు. లేచి తిరగొచ్చు, పడుకోవచ్చు, బాత్రూమ్ ఉంటుంది. హైదరాబాద్‌కు ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్ లాంటివి రాత్రంతా నడిచి పొద్దున దింపుతాయి. భువనేశ్వర్ వైపు వందే భారత్ కూడా ఉంది, మధ్యాహ్నం విశాఖలో బయలుదేరి విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస మీదుగా రాత్రికి చేరుతుంది. అది వారంలో రోజూ ఉండదు కాబట్టి ముందే చూసుకోండి.

రైల్లో ఐదేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు, బెర్త్ కూడా ఇవ్వరు. ఐదు నుంచి పన్నెండేళ్ళలోపు వాళ్ళకు బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ. ఇక్కడ మనసు చిన్నది చేసుకోకండి. ఆరేళ్ళ పిల్లవాడితో ఒకే బెర్త్ మీద రాత్రంతా సర్దుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు, మర్నాటి రోజంతా పాడవుతుంది.

కారులో వెళ్ళే వాళ్ళకు ఒక్కటే మనవి. పిల్లను ఒళ్ళో పెట్టుకుని ముందు సీటులో కూర్చోకండి. 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల వేగం మనందరికీ తెలుసు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ ఉండాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టమే చెప్తోంది. బ్రేకు గట్టిగా పడినప్పుడు ఒళ్ళో ఉన్న పిల్లను ఏ తల్లి చేతులూ పట్టి ఆపలేవు.

రైలు దిగి నేరుగా పార్కుకు వెళ్ళిపోతే ఒక రోజు హోటల్ ఖర్చు తగ్గుతుంది కదా?

నేను చెప్పే వాటిలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి: ప్రయాణానికీ పార్కుకూ మధ్య ఒక రాత్రి మంచం మీద నిద్ర ఉండాలి. మేము మొదటిసారి అలాగే డబ్బు మిగులుతుందని స్టేషన్‌లోనే మొహాలు కడిగి, టిఫిన్ తినిపించి, ఆటోలో పార్కు గేటు దగ్గర దిగాం. పదకొండున్నరకే పాప నిద్రకు ఏడుపు, బాబుకు తలనొప్పి. అప్పటికి మూడు రైడ్లు కూడా కాలేదు. మధ్యాహ్నం మూడింటికి బయటికి వచ్చేశాం. టికెట్ డబ్బులు, హోటల్‌లో మిగిలిందనుకున్న డబ్బులు రెండూ పోయినట్టే.

చేరిన రోజు గదిలో స్నానం, భోజనం, నిద్ర. మర్నాడు పార్కు. ఆ మర్నాడు తిరుగు ప్రయాణం. ఇంత తీరిక లేకపోతే సెలవులు కుదిరే దాకా ఆగండి.

ఏ నెలలో వెళ్ళాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. సంక్రాంతి వారం వద్దు, రైళ్ళల్లో కాలు పెట్టే చోటు ఉండదు. దసరా సెలవుల్లో విజయనగరం వాళ్ళం ఎలాగూ పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం వదిలి వెళ్ళం. మే నెల సెలవుల్లో అందరూ బయలుదేరతారు గానీ చిన్నపిల్లలకు ఆ ఎండ మంచిది కాదు. శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజు వెళ్తే వరుసలు చిన్నవిగా ఉంటాయి. దాని కోసం ఒకటో తరగతి పిల్లవాడి స్కూలు రెండు రోజులు పోయినా నాకు అభ్యంతరం లేదు.

టికెట్ వయసును బట్టా, ఎత్తును బట్టా?

వండర్‌లాలో ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆ పైన పెద్దల టికెట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మగపిల్లల సగటు ఎత్తు రెండేళ్ళకు దాదాపు 87 సెంటీమీటర్లు, నాలుగేళ్ళకు 103, ఐదేళ్ళకు 110. ఆడపిల్లలు కొంచెం తక్కువ. బయలుదేరే ముందే ఇంట్లో చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి కొలవండి. ఆ కొలత కాగితం మీద రాసి, పార్కు వెబ్‌సైట్‌లో ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో చూసి, పిల్లవాడికి ముందురోజే చెప్పండి: "నువ్వు ఇవి ఎక్కుతావు, అవి వచ్చే ఏడు."

ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువైతే బతిమాలితే ఎక్కనిస్తారా?

ఎక్కనివ్వరు, ఎక్కనివ్వకూడదు కూడా. దయచేసి మందం బూట్లు వేసి, మునివేళ్ళ మీద నిలబెట్టి దాటించే ప్రయత్నం చేయకండి.

ఆ గీత ఎందుకుందో తెలిస్తే మనకే అడగబుద్ధి కాదు. రైడ్‌లో ఒళ్ళో దిగే ఇనుప కడ్డీ, భుజాల మీద పడే పట్టీ ఒక కొలతకు తయారవుతాయి. ఎత్తు తక్కువైతే కడ్డీకీ తొడలకూ మధ్య ఖాళీ మిగులుతుంది, మలుపులో పిల్ల శరీరం కిందికో పక్కకో జారుతుంది. ఇంకోటి, చిన్నపిల్లల తల ఒంటితో పోలిస్తే బరువు, మెడ కండరాలు ఇంకా బలపడవు. పెద్దవాళ్ళకు సరదాగా అనిపించే కుదుపు వాళ్ళ మెడకు భారం.

మా బాబు ఒకచోట రెండు సెంటీమీటర్లు తక్కువై ఆగిపోయాడు. అక్క వెళ్ళిపోయింది, వీడు గేటు పట్టుకుని ఏడుపు. ఆ రోజు మా వారు వాడి పక్కన నేల మీద కూర్చుని, "వచ్చే ఏడు ఈ గీత దాటతావు, అప్పుడు మొదటి సీటు నీదే" అని అరగంట కబుర్లు చెప్పారు. తర్వాత ఇంట్లో తలుపు పక్కన పెన్సిల్ గీతలు మొదలయ్యాయి. రెండేళ్ళకు వాడు ఆ రైడ్ ఎక్కాడు.

నీళ్ళ రైడ్లకు ఏ బట్టలు? చీరతో, చుడీదార్‌తో దిగొచ్చా?

దిగనివ్వరు. నైలాన్, పాలిస్టర్ ఈత దుస్తులే ఉండాలి. కాటన్ బట్టల పీచు నీళ్ళల్లో ఊడి వడపోత యంత్రాల్లో ఇరుక్కుంటుంది, వదులు బట్టలు జారుడు బండల్లో చుట్టుకుంటాయి. ఇది తెలియక మన వైపు ఆడవాళ్ళు చాలామంది గట్టు మీదే కూర్చుండిపోతారు. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది. పిల్లలతో నీళ్ళల్లో ఆడుకునే అవకాశం రోజూ రాదు. ఒంటినిండా కప్పే ఈత దుస్తులు, మోకాళ్ళ కింద దాకా ఉండేవి ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. పార్కు దుకాణంలో ధర ఎక్కువ కాబట్టి ముందే కొని ఉంచుకోండి.

నీళ్ళ దగ్గర ఏం జాగ్రత్త తీసుకోవాలి?

ఐదేళ్ళలోపు పిల్ల నీళ్ళల్లో ఉన్నంతసేపు మీ చెయ్యి చాస్తే అందే దూరంలో ఉండాలి. మోకాలి లోతు నీళ్ళైనా సరే. మునిగే పిల్లలు కేకలు వేస్తారని మనం అనుకుంటాం, నిజానికి ఊపిరికే తడబడుతున్న పిల్ల అరవలేదు. ఒక్క నిమిషం ఫోన్ చూసి తల ఎత్తేసరికి జరిగిపోతుంది. చేతులకు కట్టే గాలి బెలూన్లు ఆటవస్తువులు, ప్రాణరక్షణ జాకెట్లు కావు. అలల కొలనులో సైరన్ మోగగానే చిన్నపిల్లల్ని ఎత్తుకుని గట్టుకు వచ్చేయండి.

ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటే "ఇప్పుడు నువ్వు చూడు" అని నోటితో చెప్పి అప్పగించండి. అమ్మ చూస్తోందని నాన్న, నాన్న చూస్తున్నాడని అమ్మ అనుకునే చోటే ప్రమాదం.

అరగంటకు ఒకసారి బయటికి తీసి తుడవండి. పెదవులు నీలంగా మారినా, వణుకు వచ్చినా ఎంత మారాం చేసినా ఇక చాలు. డైపర్ పిల్లలకు నీళ్ళల్లో వాడే డైపర్ వేరే ఉంటుంది, మామూలుది నీళ్ళు పీల్చి ఉబ్బిపోతుంది.

ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తీసుకెళ్ళొచ్చా?

రైల్లోకి తప్పకుండా. పులిహోర, చపాతీలు, జంతికలు, అరటిపళ్ళు. పార్కు లోపలికి బయటి తిండి రానివ్వరు. చంటిపిల్లల ఉగ్గు, పాలు, మందులకు మామూలుగా అభ్యంతరం ఉండదు. లోపల ఇడ్లీ, పెరుగన్నం లాంటివి దొరికితే పిల్లలకు అవే పెట్టండి, వేపుళ్ళు, ఐస్‌క్రీమ్ తిని తిరిగే రైడ్ ఎక్కితే వాంతే. తిన్నాక ముప్పావు గంటైనా ఆగండి. పన్నెండుకే భోజనం ముగిస్తే ఒంటిగంట రద్దీ తప్పుతుంది, పిల్లలు ఆకలికి ఏడవరు.

ఎండ దెబ్బ తగలకుండా?

టోపీ, పలచటి పొడుగు చేతుల చొక్కా, గంట గంటకూ నీళ్ళు. దాహం వేసినప్పుడు తాగుతారులే అని వదిలేయకండి, ఆటలో పడ్డ పిల్లలకు దాహం తెలియదు. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు సంచిలో వేసుకోండి. లీటరు నీళ్ళ పొట్లం లీటరులోనే కలపాలి, సగం నీళ్ళల్లో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. ఆరు నెలల లోపు పాపకు నీళ్ళు కూడా వద్దు, తల్లిపాలే ఎక్కువసార్లు పట్టాలి. పిల్ల మందకొడిగా అయిపోయినా, ఒళ్ళు కాలుతున్నా, ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా ఇక రైడ్లు చూడకుండా ప్రథమ చికిత్స గదికి తీసుకెళ్ళండి.

పిల్లవాడు తప్పిపోతే?

రాయడానికి కూడా చెయ్యి రావట్లేదు గానీ చెప్పాలి. ఒక పార్కులో మా చెల్లెలి కొడుకు, అప్పటికి ఐదేళ్ళు, పన్నెండు నిమిషాలు కనబడలేదు. అక్కడ అనౌన్స్‌మెంట్ చేయమని అడిగితే ముందు ఫారం నింపమన్నారు. వాడు వేసుకున్న చొక్కా రంగు మా చెల్లికి గుర్తు రాలేదు, టెన్షన్‌లో నోట మాట లేదు. చివరికి పాప్‌కార్న్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆ రోజు నుంచి మేము చేసేవి ఇవి. గేటు దాటగానే పిల్లలందరినీ నిలబెట్టి ఫోటో తీస్తాం, ఆ రోజు బట్టలతో. మోచేతి లోపలి వైపు బాల్‌పెన్‌తో ఫోన్ నంబరు రాసి, నీళ్ళకు చెరగకుండా పైన పారదర్శక టేపు అతికిస్తాం. పేరు రాయం, పేరు పెట్టి పిలిస్తే ఎవరి వెంటైనా వెళ్ళిపోతారు. "మేము కనపడకపోతే కదలకు, మేమే వస్తాం. పార్కు చొక్కా వేసుకున్న వాళ్ళకి చేతి మీద నంబరు చూపించు" అని మూడుసార్లు చెప్పించుకుంటాం. స్టేషన్‌లో తప్పిపోతే రైల్వే సహాయం నంబరు 139కి గానీ, పిల్లల సహాయం నంబరు 1098కి గానీ ఫోన్ చేయండి.

రైడ్ ముందు నిలబడి భయపడి ఏడిస్తే?

దింపేయండి. "అందరూ ఎక్కుతున్నారు, నీకేంటి" అనకండి. నవ్వకండి. పక్కన నిలబడి ఇంకో రెండు విడతలు చూడనివ్వండి, సగం మంది పిల్లలు వాళ్ళే అడుగుతారు. అడగకపోతే చిన్న రైడ్‌నే పదిసార్లు ఎక్కించండి. మా పాప ఒక పూటంతా ఏనుగు బొమ్మల రైడ్ ఒక్కటే ఎక్కింది. ఇంటికొచ్చి నెల రోజులు దాని గురించే చెప్పింది.

బామ్మలు, తాతయ్యలు రావచ్చా?

రావాలి. మామ్మ నీడలో కూర్చుని చంటిదాన్ని పడుకోబెడితే, తల్లిదండ్రులు పెద్దపిల్లతో ఒక గంట తిరగొచ్చు. వాళ్ళకు మోకాళ్ళ నొప్పులు ఉంటే చక్రాల కుర్చీ ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు కుదుపు రైడ్ల జోలికి పోకూడదు.

బస్సులో, కారులో వాంతులు అయ్యే పిల్లలకు?

రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా ఈ బాధ ఎక్కువ. బయలుదేరే ముందు ఇడ్లీ లాంటిది కొంచెం తినిపించండి, ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. ఫోన్ ఇవ్వకండి, దూరంగా ఉన్న కొండల్ని చూపించండి. మందు కావాలంటే పిల్లల డాక్టరును అడిగి మాత్రమే.

ఎంత ఖర్చవుతుంది?

టికెట్ ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి వెబ్‌సైట్‌లో చూడాల్సిందే. ముందే ఆన్‌లైన్‌లో కొంటే కొన్నిసార్లు తగ్గింపు ఉంటుంది. లాకరు, లోపలి భోజనం, ఫోటోలు, బొమ్మల దుకాణం వేరే లెక్క. బొమ్మల విషయంలో మేము ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకుంటాం: ఒక్కొక్కరికి ఒకటి, బయటికి వచ్చేటప్పుడు మాత్రమే.

ఇంటికొచ్చిన మర్నాడే స్కూలుకు పంపొచ్చా?

పంపకండి, ఒక రోజు ఉంచండి. పిల్లలు పదింటిదాకా పడుకుంటారు. లేచాక చారన్నం పెట్టండి, నీళ్ళల్లో ఆడారు కాబట్టి చెవి నొప్పి అంటున్నారేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయేమో చూడండి. రెండు రోజులకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఈత బట్టలు మంచినీళ్ళల్లో జాడించి నీడలో ఆరేయండి, క్లోరిన్ ఉన్న నీళ్ళకు లాస్టిక్ త్వరగా పాడవుతుంది. వచ్చే ఏడు చెల్లికో తమ్ముడికో సరిపోతాయి.